ఇరవై శాతం పిన్ను

లోవరాజు కుడిచేతికి మూడు వేళ్లే. మిగతా రెండూ మండపేటలో రైసుమిల్లు బెల్టు తీసుకుంది. ఆ తర్వాత రాజమండ్రి దాపున ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేరాడు. పదకొండేళ్లయినా రోజుకూలీయే. 2003లో ఒక్క పోస్టు పర్మినెంట్ చేస్తారన్నారు. అది ఎవరికన్నది లెక్చరర్ ఉదయభాస్కర్ చేతిలో ఉంది.

ఉదయభాస్కర్ పీహెచ్‌డీ మాత్రం ఆ మూడు వేళ్ల మీదే నడిచేది. అల్యూమినియం పొడిలో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి, అచ్చులో పోసి ప్రెస్సుతో నొక్కి, కొలిమిలో కాల్చి, పోయిన తన చిటికెన వేలంత పిన్నులు చేసేవాడు లోవరాజు. వాటిని తిరిగే ఉక్కు పళ్లెం మీద రాపిడి పెట్టి, ముందోసారి, తర్వాతోసారి తూచి, ఎంత అరిగిందో రాసేవాడు. కార్బైడ్ పదిహేను శాతం దాకా పెంచితే పిన్ను గట్టిపడేది, అరుగుదల తగ్గేది. ఇరవైకి వెళితే గింజలు ఉండకట్టేవి. పట్టు చాలక ఊడొచ్చి, ఇసకలా పిన్నునే కోసేవి.

"పదిహేను దగ్గర ఆగిపోదామండి," అన్నాడు లోవరాజు.

"ఇరవై బెస్టని యూనివర్సిటీకి రాసిచ్చేశానయ్యా. నీ రైసుమిల్లు తెలివి ఇక్కడ చూపించకు."

దసరాకి లోవరాజు ల్యాబ్‌లో ఆయుధపూజ చేశాడు. మిల్లులో చేసినట్టే పళ్లేనికి నువ్వుల నూనె రుద్ది కుంకుమ పెట్టాడు. మామూలుగా ప్రతి పరీక్షకీ ముందు జిడ్డు పోయేలా ఎసిటోన్‌తో కడుగుతాడు. పూజందుకున్న యంత్రాన్ని మర్నాడే కడగడానికి చెయ్యి రాలేదు. పొడిగుడ్డతో బొట్టు తుడిచి, ఇరవై శాతం పిన్ను పెట్టాడు. ముప్పై మిల్లీగ్రాములు అరగాల్సింది రెండే అరిగింది.

ఉదయభాస్కర్ కుర్చీలోంచి లేచాడు. "లోవరాజుగారూ! మీ పోస్టు సంగతి ప్రిన్సిపాల్‌గారితో ఇవాళే మాట్లాడతానండి."

పదకొండేళ్లలో ఆ 'గారు' మొదటిసారి. మధ్యాహ్నం లోవరాజు మళ్లీ యంత్రం దగ్గరికి వెళ్లాడు. పళ్లెం అంచున వేలు పెట్టి చూస్తే జారింది. వెళ్లి నూనె సంగతి చెప్పేశాడు.

ఉదయభాస్కర్ తలుపు వేశాడు. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"ఇంకో ఐదు పిన్నులు అలాగే కానియ్యి. బొట్టు మాత్రం పెట్టకు."

"తప్పు కదండీ?"

"పోస్టు కావాలా, అక్కర్లేదా?"

లోవరాజు నూనె సీసా తీశాడు.

ఎండాకాలంలో విశాఖపట్నం నుంచి ఓ ముసలి ప్రొఫెసర్ పీహెచ్‌డీ పరీక్షకుడిగా వచ్చాడు. థీసిస్ పక్కన పెట్టి, ఒక్క పిన్ను తన ఎదుట నడిపించమన్నాడు. లోవరాజు సిద్ధం చేసిన పళ్లెం మీద వేలు రాసి, వాసన చూశాడు.

"నువ్వుల నూనె! ఇక్కడ ఆవకాయ పెడుతున్నారా ఏంటి?"

గది నవ్వింది. అందరికంటే గట్టిగా ఉదయభాస్కర్ నవ్వాడు. "వీడికి పూజల పిచ్చి సార్. నాకు తెలియకుండా మెషిన్లకి నూనె రాసేస్తాడు. చెబితే వినడు."

లోవరాజు నోరు తెరిచాడు. "బయటికెళ్లవయ్యా," అన్నాడు ప్రిన్సిపాల్.

పరీక్షలన్నీ మళ్లీ చెయ్యడానికి ఉదయభాస్కర్‌కి ఆర్నెల్ల గడువు దొరికింది. లోవరాజుకి వారం రోజుల్లో పని మానెయ్యమని కబురొచ్చింది.

ఆఖరి రోజున, వేరే చోట చూపించుకోవడానికి పనిచేసినట్టు కాగితం ఇమ్మని ఉదయభాస్కర్‌ని అడిగాడు.

"రాసిస్తాలే. ముందు పదిహేను శాతం పిన్నులు ఓ పన్నెండు నొక్కి పెట్టు. కొత్తవాడికింకా చెయ్యి తిరగలేదు."

సాయంత్రం దాకా నొక్కాడు. ఒక్కదానికీ పగులు లేదు. కాగితం అందుకుని చదివితే, ఒక సంవత్సరం పనిచేసినట్టు ఉంది.

"పదకొండేళ్లండి."

"అలా రాస్తే రేపు కోర్టుకెళ్లి పర్మినెంట్ అడుగుతావు. నాకెందుకొచ్చిన గొడవ?"

ఉదయభాస్కర్ ట్రేలోంచి ఓ పిన్ను తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"బాగా వచ్చాయి. పోయేటప్పుడు ఆ నూనె సీసా పట్టుకుపో."