చక్కెర వేయని కాఫీ

మొదటి బస్సుకు పోయే ముందు మా ఆయన గోవిందస్వామి కాఫీ ఒక గుక్క తాగేవాడు. చక్కెర ఒక పలుకు తగ్గినా చాలు, "కస్తూరీ, ఇది కాపీనా, కుశస్థలి ఏటి నీళ్ళా?" అని అరిచేవాడు. తిరుత్తణి నుంచి తిరుపతి పోయే బస్సులో కండక్టరు. ఊళ్ళ పేర్లు తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి పిలిచిన గొంతు అది.

ఇప్పుడు కాఫీ చల్లార్చి ఎడమచేతికి అందిస్తాను. తాగుతాడు, ఏమీ అనడు. పక్షవాతం కుడిచేతితో పాటు మాటనూ పట్టుకుపోయింది. మలుపులో బస్సు విజిల్ వినబడితే నా చేతిలో పని ఆగిపోతుంది.

నర్సు షర్మిల వారానికొకసారి ఇంటికొస్తుంది. మందుల డబ్బా ఆయన చేతికే ఇచ్చింది. ఒంటిచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది. నేను సాయం పోతే, "అక్కా, నువ్వు యాడికి? కూర్చో" అంటుంది.

మాట ఒక్కటే రాలేదు. ఆసుపత్రిలో తమిళంలో పలికించారని నేనూ రోజూ "తణ్ణి, సాదం" అని, నీళ్ళూ అన్నమూ తమిళంలో బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పేదాన్ని. ఆయన గోడవైపు తిరిగేవాడు.

నిన్న అది చూసి షర్మిల అడిగింది. "అక్కా, అన్న నీతో ఏ భాషలో కొట్లాడతా ఉండె?"

"తెలుగులోనే. తమిళం బస్సులో."

"మరి బస్సును ఇంట్లోకి తెచ్చినావేంది!" అని నవ్వి, ఆయన వైపు తిరిగింది. "అన్నా, ముందు నీకేం అడగాలనుండాది? నువ్వే చూపించు."

ఆయన చాలాసేపు ఆలోచించి కాఫీ లోటా వైపు వేలు చూపించాడు.

"చూసినావా అక్కా? కండ్లు చూసి నువ్వే అన్నీ అందిస్తే ఇంక నోటికేం పని? అడిగేదాకా ఆగు. అలిసిపోతే మాత్రం సతాయించొద్దు."

ఈ పొద్దున చక్కెర వేయకుండా కాఫీ ఇచ్చి, చక్కెర డబ్బా నా పక్కన పెట్టుకున్నాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. నా వైపు చూశాడు. ఏం కావాలో నాకు తెలుసు. డబ్బా మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను.

"ఏం మామా?"

పెదవులు వణికాయి. "కా..." అన్నాడు. ఊపిరి పీల్చుకుని, కోపంగా, "కాపీ... నా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన లోటా కింద పెట్టలేదు. పెదవులు ఇంకా కదులుతున్నాయి. 'కుశస్థలి ఏటి నీళ్ళా' అన్న మాట ఇంకా రావాలి.

డబ్బా మూత తీయలేదు.