సూడాన్ జట్టుకు నేనే కోచ్‌ని

ఒక విదేశీ జాతీయ జట్టుకు నేను ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేశాను. ఇబ్రహీంపట్నం చాయ్ హోటల్లో ఈ మాటంటే కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవారు. సూడాన్ జట్టు. ఆఫ్రికా ఎండల్లో శిక్షణ ఇచ్చానని కూడా ఒకరిద్దరికి చెప్పినట్టు గుర్తు.

సరే, కొంచెం తగ్గిస్తాను. నేను సూడాన్ వెళ్లలేదు, సూడానే మా దగ్గరికి వచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు లేచిన రోజులవి. ఆ దేశపు కుర్రాళ్లు మా దగ్గర చదివేవారు. నగరంలోని విదేశీ విద్యార్థులంతా దేశాలవారీగా జట్లు కట్టి ఏటా పోటీ పెట్టుకునేవారు. మామూలు రోజుల్లో ఈ కుర్రాళ్లను ఊళ్లో జనం ఏమేమో పిలిచేవారు. ఆ ఒక్కరోజు సూడాన్ అని పిలిచేవారు. దానికోసమే కుర్రాళ్లు ఏడాదంతా ఎదురుచూసేవారు.

జట్టుకు పెద్దమనిషి ఒకడు కావాలన్నారు. నేను హైస్కూల్లో డ్రిల్ మాస్టరుగా రిటైరై ఖాళీగా ఉన్నాను. జీవితమంతా నేర్పింది కబడ్డీ, ఖోఖో. ఫుట్‌బాల్లో నాకు వచ్చింది విజిల్ ఊదడం. అది మాత్రం గట్టిగా ఊదేవాణ్ణి.

శివార్లో ఒక ప్లాట్ల వెంచర్‌లో, పార్కు కోసం వదిలామన్న ముక్కలో ఆడుకునేవాళ్లం. ఆదివారాలు నగరం నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి, బిర్యానీ పెట్టి ప్లాట్లు చూపించేవారు. వెంచర్ నడిపేవాడు నా పాత శిష్యుడే.

“సార్, మీ ఫారిన్ టీంను ఆదివారం గూడ జర ఆడించుర్రి. మస్తు గిరాకీ వస్తది. మీరు ట్రాక్‌సూట్ ఏసుకొని నిలబడితే చాలు.”

“గ్రౌండ్ ఉంటది గదా మరి?”

“అది గూడ ప్లాట్లు కొట్టేదే సార్. గిప్పుడే ఎవలకు చెప్పకుర్రి.”

చెప్పలేదు. ట్రాక్‌సూట్ వేసుకున్నాను. ఆ ఆదివారం తుర్కయాంజాల్‌లో స్థిరపడిన కోస్తా దంపతులు వచ్చారు. “పిల్లలకి ఈ గ్రౌండ్ ఇలాగే ఉంటుందాండీ?” అని ఆవిడ అడిగింది.

“గ్రౌండేందమ్మా, స్టేడియమే కడ్తున్నరు. నేషనల్ కోచ్‌ను, నాకు తెల్వదా?”

ఆయన అక్కడికక్కడే ప్లాటు ఖాయం చేసుకున్నాడు.

పోటీకి వారం ముందు మేం వెళ్లేసరికి గ్రౌండ్ నడుమ హద్దురాళ్లు పాతి ఉన్నాయి. కుర్రాళ్లకు మరో చోటు లేదు. వచ్చినప్పటి నుంచి ఇంటిముఖం చూడని వాళ్ల కెప్టెన్, ఇక్కడ నేర్చుకున్న తెలుగులోనే బతిమాలాడు. “కోచ్ సార్, ఒక్క వారం ఆగమనుర్రి. మీరు చెప్తే వింటరు.”

వెంచర్ టెంటులోకి వెళ్లాను. శిష్యుడు చాయ్ తెప్పించాడు. వారం గడువు మాత్రం నేను అడగలేదు. అడిగితే, ‘స్టేడియం అని చెప్పింది మీరే గదా సార్’ అని బయటికి వినిపించేలా అంటాడని భయం. అడిగితే ఒప్పుకునేవాడేమో, అదీ తెలియదు. చాయ్ అయ్యాక లేచి, టెంటు గుడ్డ అవతలికి వినపడేట్టు అరిచాను.

“ఇది అన్యాయం. పోరగాళ్లు ఏడికి పోవాలె?”

శిష్యుడు బిత్తరపోయాడు. “ఎవల మీద ఒర్లుతున్నరు సార్?”

“నీ మీద గాదు. నువ్ కూసో.”

బయటికొచ్చి తల అడ్డంగా ఊపాను. కెప్టెన్ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

“మాకోసం మస్తు కొట్లాడిన్రు సార్. అందరం విన్నం.”

నా గొంతు ఆరిపోయి ఉంటుందని, జట్టుకు ఉన్న ఒకే నీళ్లసీసా మూత తీసి చేతికిచ్చాడు. ఎండలో నిలబడ్డ కుర్రాళ్లందరూ నేను తాగేదాకా ఆగారు.

తాగాను.