రహీంను పడుకోబెట్టిన దిక్కు

డెబ్భై నాలుగు సెప్టెంబరులో ఒమన్ దక్షిణాన సలాలాలో దిగాను. మన సైన్యంలో పదిహేనేళ్లు సిగ్నల్స్‌లో చేసి బయటికొచ్చినవాణ్ణి. అక్కడి సైన్యంలో కాంట్రాక్టు మీద వైర్‌లెస్ ఆపరేటరును. కొండల్లో తిరుగుబాటుదారులతో పోరు నడుస్తోంది. నా పోస్టు ఒక కొండ మీద. ఇసుక బస్తాల బంకర్లు ఆరు, బలూచీ సిపాయిలు నలభై మంది, నీటిచుక్క లేదు. కింది నుంచి ట్యాంకరు రావాలి. నాలుగు గంటల దారి. యుద్ధమంటే మీరు ఏమేమో ఊహిస్తారు కానీ, మేం చేసింది ఎక్కువగా నీళ్ల కోసం ఎదురుచూడటమే.

ఆ ట్యాంకరు తోలేది రహీం. కోరుట్ల పిల్లవాడు, ఇరవై మూడేళ్లు. మాది జగిత్యాల అని తెలిసిన రోజు నుంచి నన్ను వదల్లేదు. వైర్‌లెస్‌లో కూడా నియమం తప్పి తెలుగే మాట్లాడేవాడు.

"నీళ్లొస్తున్నయ్ అన్నా, చాయ్ పెట్టు."

రెండుసార్లు మందలించాను. మూడోసారి చాయ్ పెట్టాను. తోడబుట్టినవాడి మీద కూడా నాకు అంత ప్రేమ లేదు.

నేను దిగిన నెలలోనే రంజాన్. ప్రయాణంలో ఉన్నవాడికి ఉపవాసం తప్పనిసరి కాదట కదా, తాగరా అన్నాను.

"వెయ్యి గ్యాలన్లు ఎన్కల పెట్టుకొని ఉపాసముండుడే గొప్ప అన్నా. నీళ్లు లేనోడు ఎట్లైన ఉంటడు."

జూన్‌లో వానలు, పొగమంచు పట్టుకున్నాయి. మూడు నెలలు సూర్యుడు కనిపించడు. ఆగస్టులో ఒక మంగళవారం కింది నుంచి పోస్టుకు వస్తున్నాం. ట్యాంకరు ముందు, సిపాయిలతో మా జీపు వెనక. పది గంటల పది నిమిషాలకు ట్యాంకరు ముందు చక్రం కింద మందుపాతర పేలింది. మేం వెళ్లేసరికే రహీం లేడు.

"గాయపడ్డవాళ్లు ఎందరు?" అని కింది నుంచి వైర్‌లెస్‌లో అడిగారు.

"ఒకరు. ప్రాణం పోయింది."

"మంచులో హెలికాప్టరు రాదు. అక్కడే ఖననం చేయండి. మూడింటికల్లా వెనక్కి తిరగండి."

బలూచీ హవల్దారు వచ్చి కిబ్లా ఎటు అన్నాడు. శవాన్ని మక్కా వైపు ముఖం తిప్పి పడుకోబెట్టాలి. చాపిన చెయ్యే కనిపించని మంచు. కంపాసు నా దగ్గరే ఉంది. చూశాను. అక్కడి నుంచి మక్కా రెండు వందల తొంభై డిగ్రీల దిక్కు. చెయ్యెత్తి చూపించాను. దాన్నిబట్టే గోరీ తవ్వారు. వాడి ఊరి వైపువాణ్ణని మట్టి వేయడానికి నన్నూ పిలిచారు. మూడు పిడికిళ్లు వేశాను.

సెప్టెంబరు చివర్లో మంచు విడింది. ఒక సాయంత్రం ఐదున్నరకు గోరీ దగ్గరే ఆగాం. సిపాయిలు దారి మీద నమాజుకు నిలబడ్డారు. సూర్యుడు స్పష్టంగా ఉన్నాడు. వాళ్లంతా ఒకవైపు తిరిగి ఉన్నారు. రహీం గోరీ రాళ్లు ఇంకోవైపుకు తిరిగి ఉన్నాయి. తేడా కొంచెం కాదు.

ఎందుకో నాకు వెంటనే తెలిసింది. కంపాసు చూసేటప్పుడు ఒంటి మీద ఇనుము ఉండకూడదని ట్రైనింగు మొదటి వారంలోనే చెబుతారు. నేనే ఎందరికో చెప్పాను. ఆ రోజు నా భుజాన తుపాకీ ఉంది. మెడ దగ్గర వైర్‌లెస్ రిసీవరు, అందులో అయస్కాంతం. ఏడుస్తూ ఏదీ తీసి పక్కన పెట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

హవల్దారుకు చెప్పాను.

"నియ్యత్ సాఫ్ థీ. అబ్ ఛేడో మత్."

మన మనసు మంచిదే, ఇక కదిలించకు అని. ఆయనకు అది సరిపోయింది. నాకు సరిపోలేదు.

డెబ్భై ఆరులో తిరిగొచ్చాను. ఇంటికి పోకముందే కోరుట్ల వెళ్లాను. రహీం వాళ్లమ్మ గడప దగ్గర బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పగానే చాట పక్కన పెట్టింది. ఎలా పోయాడని అడగలేదు.

"మొఖం కిబ్లా దిక్కే పెట్టిన్రా బిడ్డా?"

బస్సులో వచ్చినంతసేపూ నిజమే చెప్పాలనుకున్నాను.

"పెట్టినం అమ్మా. నేనే చూసి పెట్టిచ్చిన."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆ పోస్టులో ఉన్నవాళ్ల పేర్లు చాలా మరిచిపోయాను. తునికాకు వాసన వేసే ఆ వేళ్ల మధ్య నా చేతులు మాత్రం ఇప్పటికీ కనిపిస్తాయి. వెనక్కి తీసుకోలేకపోయాను.