చిటికెల రాణిని మార్చిన బుడగలక్క

మా పిల్లల వారపత్రికలో ఆవిడను అందరూ బుడగలక్క అనేవాళ్ళు. బొమ్మల కథల్లో మనుషుల నోటి దగ్గర తెల్లటి బుడగలుంటాయే, వాటిలో మాటలు చేత్తో రాయడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. బొమ్మలు గీసే నా బల్ల ఆవిడకు ఎదురుగా ఉండేది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అందరికీ లాగే నాకూ అక్కే.

ఆవిడ చేసే మరో పని గురించి మాకు తప్ప ఎవరికీ తెలియదు. రచయిత గారు రాసిన మాటలు బుడగలో పట్టకపోతే ఆవిడే తగ్గించేది. "ఓరీ దురాత్మా! నీ పాపము పండినది, ఇక నీకు మూడినది!" అని ఆయన రాస్తే, "మూడింది నీకు" అని రాసి ఊరుకునేది. పత్రిక వచ్చాక ఆయన ఆ పేజీ చూసుకుని, "ఎంత పదునుగా రాశానో చూశావా" అని నాకే చూపించేవాడు. అక్క తలెత్తేది కాదు.

ఆయన రాసే కథలన్నీ చిటికెల రాణివే. రాణికి మాయలు వచ్చు. చిటికె వేస్తే వాన ఆగుతుంది, గోడ కూలుతుంది, దొంగ కప్పవుతాడు. ముప్పై ఏళ్ళు పిల్లలు ఆమె కోసం ఎగబడ్డారు. తరువాత మెల్లగా మానేశారు. కళ్ళు మసకబారి రచయిత గారు పని విరమించుకున్న నెలలోనే ఎడిటరు గారు మమ్మల్ని తన గదిలోకి పిలిచాడు.

"కాలం మారింది, రాణీ మారాలి. చేతిలో ఫోను పెట్టండి. జుట్టు కత్తిరించండి. బట్టలు బిగుతుగా ఉండాలి. ముఖంలో కాస్త కోపం ఉండాలి," అన్నాడు.

వారం తిరిగేసరికి ఆరు రకాల వేషాలు గీసి బల్ల మీద పరిచాను. ఎడిటరు గారు నాలుగోదాని మీద వేలు పెట్టాడు. అక్క దాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది.

"తమ్ముడూ, ఈ బట్టల్లో కింద పడిన పెన్ను వంగి తీసుకోగలదా?"

నేనూ చూశాను. "తీసుకోలేదక్కా."

"మరి మేడ మీంచి మేడ మీదికి ఎలా దూకుతుంది?"

ఎడిటరు గారికి నవ్వు రాలేదు. అక్క కూడా నవ్వించడానికి అన్నది కాదు.

"పాతబడింది బట్టలు కాదండీ, చిటికె," అంది. "మూడో పేజీలో ఆపద వస్తుంది. ఏడో పేజీలో చిటికె వేస్తుంది. అంతా సర్దుకుంటుంది. అదేదో మూడో పేజీలోనే వెయ్యొచ్చు కదా అని పిల్లలకి తెలిసిపోయింది. ఫోను ఇస్తే ఏమవుతుంది? ఫోను పట్టుకుని చిటికె వేస్తుంది."

"అన్నీ తెలిసినట్టు చెప్తున్నారు. అయితే మీరే రాయండి," అన్నాడాయన. ఎత్తిపొడుపుగా అన్నాడని గదిలో అందరికీ తెలుసు.

"సరేనండీ," అంది అక్క.

ఆ సాయంత్రం ఆవిడ స్టోరు గదిలోంచి పిల్లల ఉత్తరాలున్న రెండు గోతాలు ఆటోలో ఇంటికి తీసుకుపోయింది. ఇంట్లో అక్క, ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆడపడుచు, ఇద్దరే. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి కూర్చోడానికి చోటు లేదు. మంచం, కుర్చీలు, ఇస్త్రీ బల్ల, అన్నిటి మీదా ఉత్తరాలే.

"మా వదినకి పెళ్ళిలో కూడా ఇన్ని అక్షింతలు పడలేదు," అంది ఆడపడుచు, నాకు నిలబడే టీ ఇస్తూ.

అక్క ఒక ఉత్తరం నా చేతిలో పెట్టింది. రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో ఎవరో చిన్నపిల్ల రాసింది. "రాణి గారికి నమస్కారం. మా అమ్మ రోజంతా బట్టలు కుడుతుంది. వేళ్ళు నొప్పి అంటుంది. మీరు రోజూ చిటికెలు వేస్తారు కదా. మీకు వేళ్ళు నొప్పి పుట్టవా?"

"పధ్నాలుగేళ్ళ కిందటి ఉత్తరం ఇది. ఎవరూ జవాబు రాయలేదు. రాద్దామంటే నాకూ జవాబు తెలియదు. ఆవిడ మాయకి ఏం ఖర్చవుతుందో మనం ఒక్కనాడూ అనుకోలేదు తమ్ముడూ."

ఆ ఉత్తరం దగ్గర మొదలుపెట్టి నెల రోజులు ఆలోచించి ఒక్క నియమం పెట్టుకుంది. రాణి చిటికె వేస్తే కష్టం పోదు, చోటు మారుతుంది. ఇక్కడ వాన ఆపితే మరోచోట కురుస్తుంది. అది ఎక్కడ కురవాలో రాణే తేల్చుకోవాలి. తరువాత వెళ్ళి అక్కడివాళ్ళకు సమాధానం చెప్పుకోవాలి. అది వినగానే, ముప్పై ఏళ్ళుగా వస్తున్న రాణికి అప్పుడే మొదటిసారి మనసనేది ఒకటి వచ్చిందనిపించింది.

మొదటి కథలో బట్టల మిల్లుకు నిప్పంటుకుంటుంది. లోపల అరవై మంది ఉన్నారు. ఆలోచించే వ్యవధి లేక రాణి చిటికె వేసి ఆ వేడినంతా ఊరి చివరి చెరువులోకి నెట్టేస్తుంది. అరవై మందీ బతుకుతారు. చెరువులో చేపలన్నీ చచ్చి తేలుతాయి. మర్నాడు రాణి గట్టు మీదికి వెళ్తుంది. చేపలు పట్టుకుని బతికే ముసలావిడ ఒకతె ఆమెను ఎగాదిగా చూస్తుంది.

"చూసిపోదామని వచ్చావా, చెప్పుకుందామని వచ్చావా?"

"చెప్పుకుందామనే."

"అయితే ముందు ఈ వల పట్టు."

రోజంతా రాణి చచ్చిన చేపలు ఎత్తిపోస్తుంది. కథ అంతే. ఆ బట్టలు గీయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. వల లాగేవాళ్ళు ఏం కట్టుకుంటారో అవే.

ప్రూఫులు వచ్చిన రోజు చివరి పేజీలో మేమెవరం గీయని బొమ్మ ఒకటి కనబడింది. పాత సంచికలోంచి కత్తిరించి అతికించిన రాణి. చిటికె వేస్తోంది. చేపలు ఎగిరి నీళ్ళలో పడుతున్నాయి. ఎడిటరు గారి పని. అక్క ప్రూఫు మడిచి చేత పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. వెనకాలే నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"పిల్లలు ఏడుస్తారండీ," అన్నాడాయన, అడక్కుండానే.

"ఏడిస్తే ఏడవనివ్వండి. మనం పిల్లలప్పుడు ఏడవలేదా?"

"హీరోయిన్ తప్పు చేస్తే ఇక ఆమె హీరోయిన్ ఎందుకవుతుంది?"

"మర్నాడు గట్టు మీదికి వెళ్ళింది చూశారా, అందుకవుతుంది. చేపలు బతికేస్తే ఇక వెళ్ళే పనేముంది? ఇంట్లో పడుకోవచ్చు."

ఆయన ప్రూఫును అటూ ఇటూ తిప్పాడు. తలకాయ గీరుకున్నాడు. "రేపు ఏదైనా అయితే మాట మీ మీదికి వస్తుంది."

"రానివ్వండి. కథ కింద నా పేరే వెయ్యండి."

అతికించిన బొమ్మ తీసేశారు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆవిడకు అదే మొదటిసారి. అందులోనూ కంపోజింగ్ వాళ్ళు అసలు పేరు గుర్తుకురాక బుడగలక్క అనే వేసేశారు.

ఏదో అద్భుతం జరిగిపోయిందని చెప్పను. ఆ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లే. మా చిన్నప్పటి రాణిని పాడు చేశారని ఒక పెద్దమనిషి నాలుగు పేజీలు రాశాడు. అక్క ఆ నాలుగు పేజీలకూ జవాబు రాసింది. ఆయన మళ్ళీ తిట్టాడు, ఈసారి రెండు పేజీలే. అయితే మిగతా సగం ఉత్తరాల్లో పిల్లలు లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. వేడిని చెరువులోకి కాకుండా కొండ మీదికి నెట్టి ఉంటే? కొండ మీద పక్షి గూళ్ళుంటాయి కదా? ఆకాశంలోకి నెడితే? ఒక తరగతి తరగతంతా రెండు జట్లుగా చీలి పోట్లాడుకుందని ఒక పంతులమ్మ రాసింది. పత్రిక అమ్మకం పడిపోవడం ఆగింది. ఏడాది తిరిగేసరికి మెల్లగా లేచింది. ఎడిటరు గారు పొగడలేదు కానీ, పై వారం కథ ఇంకా రాలేదా అని రోజుకు రెండుసార్లు వచ్చి అడగడం మొదలుపెట్టాడు.

ఏడేళ్ళు రాసింది. ఆ ఏడేళ్ళలో రాణికి వయసు రానిచ్చింది, చెంపల దగ్గర నాచేత నాలుగు తెల్ల వెంట్రుకలు గీయించింది. తన మణికట్టు మాత్రం పాడయింది. చివరి రెండేళ్ళూ ఆవిడ చెప్తే నేను రాసుకునేవాణ్ణి. అప్పుడు తెలిసింది ఆవిడ పడే పాట్లు. ఒక్క మాటను ముసలివాడిలా అని చూసేది, చిన్నపిల్లలా అని చూసేది, గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేది, నీళ్ళు తాగేది, చివరికి "వద్దులే, కొట్టెయ్" అనేది.

లిఫ్టు కథ అప్పటిదే. నిండు నెలల గర్భిణి ఒక్కతే లిఫ్టులో ఇరుక్కుంటుంది, నొప్పులు మొదలవుతాయి. ఆ కథ కోసం అక్క తాను ఉండే భవనంలోని లిఫ్టు మెకానిక్ వెంట రెండు రోజులు తిరిగింది. లోపల చిక్కుకున్నవాళ్ళతో ఏం మాట్లాడతారని ఆయన్ను గుచ్చి గుచ్చి అడిగింది. ఈలోగా నేను ఒక పేజీ నిండా రాణి చెయ్యి గీశాను. చిటికె వేయబోతున్న చెయ్యి, ప్రతి గీతా బతికున్నట్టుంది. నా జన్మలో అంత మంచి బొమ్మ గీయలేదు.

అక్క దాన్ని చూసి, "ఎంత బాగుందిరా," అంది. అంతవరకూ నన్ను ఏనాడూ రా అనలేదు. ఆ వెంటనే, "కానీ ఇక్కడ ఆవిడ చిటికె వెయ్యదు," అంది.

"ఎందుకని?"

"ఆ నొప్పులు ఎవరి మీదికి నెడుతుంది? మెకానిక్ వచ్చేదాకా తలుపు ఇవతల కూర్చుని మాట్లాడుతుంది. అంతే."

ఒక రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆ తరువాత గీశాను. రాణి మెట్ల పక్కన చెప్పులు విప్పేసి, తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. నాలుగు పేజీలూ అదే మనిషి, అదే తలుపు. ఏడేళ్ళలో దేనికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. చాలామంది కథ గురించి రాయలేదు. తమకు ఎవరు అలా తోడు కూర్చున్నారో రాశారు.

ఆ పేజీల అసలు ప్రతి కావాలని అక్క అడిగితే ఇచ్చాను. పటం కట్టించి గోడకు తగిలించుకుంటుందనుకున్నాను. తరువాత ఒకసారి వాళ్ళింటికి వెళ్తే ఎక్కడా కనబడలేదు.

"మెకానిక్‌కి ఇచ్చేశాను," అంది అక్క. "సగం మాటలు ఆయనవే కదా."