రెండోసారి నొక్కితే

నా ఉద్యోగం ఏమిటో చోడవరంలో ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. ఫోన్లో యాప్ తెరిచి, అది ఎంతసేపట్లో పలుకుతుందో చూసి రాయడం. దానికి కూడా జీతమిస్తారంటే మా పక్కింటావిడ ఇప్పటికీ నమ్మదు. నాకు మాత్రం అదో పిచ్చి. ఏ యాప్ ఎక్కడ మొరాయిస్తుందో తెలిసేదాకా అన్నం సయించదు.

ఆ ఏడు నా చేతికొచ్చింది సైనికుల కోసం చేస్తున్న యాప్. దెబ్బ తగిలినవాడు ఎర్ర గుర్తు నొక్కితే, అతనున్న చోటు దగ్గర్లోని వైద్యుడికి తెలుస్తుంది. నాకిచ్చిన నమూనాలో రహస్యాలేమీ లేవు, అన్నీ ఉత్తుత్తి పేర్లూ పటాలే. ఇంట్లో ఫ్యాను కింద అది చిటికెలో పలికింది. బాగుందని సోమవారం రాసిచ్చేస్తే నా పని అయిపోతుంది. అక్కణ్ణించి అది ఏ సైనికుడి చేతికి వెళ్తుందో నాకు చెప్పరు. మా అక్క మొగుడూ సైన్యంలోనే ఉన్నాడు కనుక, బావ చేతికే రావచ్చు.

ఫోను బాగా వేడెక్కితే ఏమవుతుందన్న పురుగు నా బుర్రలో తొలుస్తూనే ఉంది. బావ సెలవు మీద రావికమతం దగ్గర వాళ్ల ఊరొచ్చి ఉన్నాడు. అక్కడ బెల్లం వండుతున్నారు. ఆ పొయ్యి సెగ కంటే నాకేం కావాలి? ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్లి, బెల్లం కాగే పెనానికి కాస్త ఎడంగా బల్ల మీద ఫోను పెట్టేశాను.

"ఫోనుకి ఆవిరి పడతన్నావేటే?" అంది అక్క.

ఫోను బాగా వేడెక్కేదాకా ఆగి, ఎర్ర గుర్తు నొక్కి గడియారం చూశాను. ఆరు సెకన్లు పట్టింది గానీ, కబురు వెళ్లింది. మూడుసార్లు చూస్తే మూడుసార్లూ వెళ్లింది. కాస్త ఆలస్యమని రాస్తే చాలనుకున్నాను.

"ఏదీ, ఇలా తే" అని అక్క చేతులు తుడుచుకుని నొక్కింది. ఏమీ కదల్లేదు. మళ్లీ నొక్కింది. "ఎల్లిందేటే?"

వెళ్లలేదు. వైద్యుడి ఫోనని పక్కన పెట్టుకున్న నా రెండో ఫోను ఉలకలేదు, పలకలేదు. అక్క చేత మళ్లీ మళ్లీ చేయించాను. అప్పటికి గాని నాకు వెలగలేదు. ఒకసారి నొక్కితే కబురు, రెండోసారి నొక్కితే అది రద్దు. పొరపాటున నొక్కినవాళ్ల కోసం పెట్టిన సదుపాయం. చల్లటి ఫోనులో నొక్కగానే గుర్తు రంగు మారుతుంది కనుక రెండోసారి నొక్కే పని ఉండదు. వేడెక్కిన ఫోనులో రంగు మారేలోపే అక్క వేలు మళ్లీ పడింది.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఒక్కసారి నొక్కి, చేతులు కట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలాంటి జీతగత్తె తప్ప అలా ఎవరు నొక్కుతారు?

మా మేనేజరుకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "వాళ్లకి శిక్షణ ఇస్తారమ్మా, ఒక్కసారే నొక్కుతారు" అన్నాడాయన.

చెరకు పిప్పి ఎండేస్తున్న బావ దగ్గరికి వెళ్లాను. "బావా, నీకు దెబ్బ తగిలితే ఎన్నిసార్లు నొక్కుతావు?"

వేళాకోళమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"మావోడొకడికి తగిలినప్పుడు పక్కనే ఉన్నాను. నీళ్లు అడిగేడు, ఇచ్చేను. తాగేడు. తాగిన సంగతి ఆడికి తెలీలేదు. మళ్లీ మళ్లీ అడుగుతానే ఉన్నాడు."

పొయ్యి దగ్గరున్న అక్క తెడ్డు పట్టుకునే మా దగ్గరికి వచ్చేసింది. ఆ సంగతి ఆమె వినడం కూడా అదే మొదలు.

"బాగుందని రాయకే" అంది నాతో, మెల్లగా.

నేను ఆ బల్ల మీదే కూర్చుని, ఇది పనికిరాదని రాసి పంపించేశాను.