రొయ్యల గుంట మీటరు

కోట నుంచి నెల్లూరు వెళ్లే బస్సులో నా జేబులోని టెస్టర్ చూసి, పక్క సీట్లో ఆమె అడిగింది.

"కరెంటు పని చేస్తావా అన్నా? మా రొయ్యల గుంట కాడ, కరెంటు నీళ్లలోకి కారితే ఆపే లీకేజీ మీటరు మాటిమాటికీ గాలి మోటార్లు ఆపేస్తా ఉండె. గాలాడక రొయ్యలు చస్తాయని, చిన్న లీకేజీని పట్టించుకోకుండా స్క్రూ తిప్పమని మా ఆయనకు నేనే చెప్పినా. తిప్పినాడు. మర్నాడు నీళ్లలో దిగి, షాక్ కొట్టి పోయినాడు. తిప్పకుంటే బతికుండేవాడా?"

బతికేవాడే.

"చెప్పలేమమ్మా. ఒక్కోసారి మీటరు ఉన్నా ఆపదు" అన్నాను.

ఆమె మెల్లగా సీట్లో వెనక్కి వాలింది.

ఆ మాట ఆమె కోసమే అన్నానని చెప్పుకోలేను. ముందురోజు విడవలూరులో ఒక రైతు అడిగితే నేనూ అతని గుంట మీటరు స్క్రూ అట్లాగే తిప్పి వచ్చాను.

నెల్లూరులో దిగగానే విడవలూరు బస్సెక్కాను.