కుర్చీలు లేవు, రేకులు సెగ

ఫిజీకి స్వతంత్రం వచ్చిన రోజున మా మరిది పోతయ్య మామిడిచెట్టు మీద నుంచి పడ్డాడు. సబేటోలో బడి ముందు జెండా ఎగరేస్తున్నారు. ఇరవయ్యేళ్ల మగవాడు, నలుగురితో పాటు కింద నిలబడి చూడొచ్చు కదా? చూడడు. కొమ్మెక్కాడు. జెండా పైకి వెళ్లింది, పోతయ్య కిందికి వచ్చాడు. అప్పటి నుంచి ఎడమకాలు కుంటి. ఎవరడిగినా "స్వతంత్రం కోసం పోయింది ఈ కాలు" అంటాడు. కొత్తవాళ్లు నమ్మి, లేచి కుర్చీ ఇస్తారు. నేను ఇవ్వను. ఆ ఇంటికి పెద్దకోడలిని, ఆ పడడం నా కళ్లతో చూశాను.

ఆ బడిలోనే అతను తెలుగు అక్షరాలు నేర్చాడు. ఇంగ్లీషు అంటలేదు. హిందీ నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు. తెలుగులోనూ సున్నతో పగ. లెక్కల పలక మీద మేష్టారు వేసినవన్నీ సున్నలే కాబట్టి, అక్షరం పక్కన సున్న పెట్టమంటే చెయ్యి ఒప్పుకోదు. తన పెళ్లికి పిలుపులు తనే రాశాడు. "అందరూ రండి" అనాల్సిన చోట "అదరూ రడి" అని ఉంది. అది చదివి మా పెదనాన్న నిజంగానే అదిరి, పెళ్లికి రాలేదు.

తర్వాత చెరకు చేను కౌలు గడువు తీరింది. భూమి ఎవరిదో వాళ్లే తీసుకున్నారు. మేమందరం ఒక చెరకు కత్తి, రెండు గిన్నెలు, పోతయ్య నోరు పట్టుకుని వాలేలేవు అనే బస్తీకి వచ్చాం. ఇక్కడ కళ్లు తెరిస్తే బస్సులు, దుకాణాలు. ఎద్దులతో మాట్లాడి పెరిగిన మనిషికి మాట్లాడడానికి ఎవరూ దొరకలేదు. బస్టాపులో నిలబడి బస్సుతో మాట్లాడేవాడు. "పదరా, పద!" అనేవాడు. అది కదిలేది. తన మాట విని కదిలిందనుకుని ఇంటికి వచ్చి అన్నం తినేవాడు.

అలా రెండేళ్లు గడిచాక ఎదురింటి ఫిజీ ఆవిడ లితియా, ఇతనూ కలిసి వీధి చివర ఖాళీ జాగాలో అందరికీ ఒక హాలు కట్టించారు. ఇటుకలు ఒకరివి, ఇసుక ఒకరిది, తిట్లు నావి. మంగళవారం మా రామాయణం, బుధవారం లితియావాళ్ల చాపల అల్లిక, గురువారం చర్చి పాటలు, శనివారం యంగోనా వేరు దంచి కలిపిన మత్తు నీళ్ల తాగుడు. తాళంచెవి పోతయ్య మొలతాడుకి. స్నానం చేసినా తియ్యడు. అతని పెళ్లాం కౌశల్య, "మా ఆయన ఇంట్లో లేకపోతే హాల్లో ఉంటాడు, ఇంట్లో ఉంటే నిద్రలో ఉంటాడు" అనేది.

ఒక ఏడు గాలివాన వచ్చి హాలు పైకప్పు మొత్తం లేపుకుపోయింది. గోడలు, దూలాలు నిలిచాయి, పక్కన సామాన్ల గది నిలిచింది. కౌన్సిల్ మనిషి వచ్చి తలుపుకి కాగితం అంటించి పోయాడు. నెలాఖరులోగా కప్పు వెయ్యకపోతే ప్రమాదమని గోడలూ పడగొట్టేస్తారట.

పోతయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"వదినా, ఒక చేను పోయింది, ఊరుకున్నాను. ఇది కూడా పోతే నేను మళ్లీ బస్సుతోనే మాట్లాడాలి" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గాని, నవ్వలేదు. అదొక్కసారే.

ఆ వారమే సువా నుంచి ఒక సేవా సంఘం వాళ్లు మార్కెట్ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నారు. గాలివానలో దెబ్బతిన్న హాళ్లకు సాయం చేస్తారట. బల్ల వెనక సర్లా అని మన తెలుగువాళ్ల పిల్లే. ఇస్త్రీ మడత నలగని చీర.

"తాతా, మీరు తెలుగులోనే రాసివ్వండి. ఆదివారం క్లాసుకి పోయి చదవడం నేర్చుకున్నా. మీ హాల్లో ఏమున్నాయి, ఏం లేవు, అంతే రాయండి. లేనివి మేం పంపుతాం" అంది.

తెలుగులో రాయమని అడిగిన మనిషి పోతయ్యకి పెళ్లి తర్వాత తగల్లేదు. ఆ రోజు కుంటికాలు కూడా తిన్నగా నడిచింది.

మర్నాడు లితియా సామాన్ల గదిలోకి దూరింది. పోతయ్య గుమ్మంలో పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను.

"కుర్సీ?" అని ఇతని కేక.

"ఈ లేవు!" అని లోపలి నుంచి ఆవిడ కేక.

ఫిజీ మాటలో లేవు అంటే పెద్ద, బోలెడు అని. వాలే అంటే ఇల్లు. వాలేలేవు అంటే పెద్దిల్లు. ఇక్కడ ఈ ముక్క కోడిపిల్లకి కూడా తెలుసు.

"పళ్లాలు?"

"ఈ లేవు!"

"చాపలు?"

"లేవు సారా! నా చాపలు లెక్కపెట్టే మొగాడు ఇంకా పుట్టలే, భయ్యా!" లేవు సారా అంటే మరీ బోలెడని.

"రేకులు?"

లితియా బయటికి వచ్చి, ఆకాశం కేసి చూసి, "సెంగ" అంది. లేవు, ఏమీ లేవు అని ఆ మాటకి అర్థం.

పోతయ్య విన్నది విన్నట్టు రాసుకున్నాడు.

"అన్నీ రాశావా?" అన్నాను.

"ఒక్క మాట వదల్లేదు వదినా."

నిజమే, మాట వదల్లేదు. సున్న వదిలాడు. సర్లా చేతికి వెళ్లిన కాగితం ఇదీ: కుర్చీలు లేవు. పళ్లాలు లేవు. చాపలు లేవు. రేకులు సెగ.

నెలాఖరు ఇంక నాలుగు రోజులుందనగా లారీ వచ్చింది. పోతయ్య సుత్తి చేతబట్టుకుని ఎదురెళ్లాడు. లారీలోంచి కుర్చీలు దిగాయి. పది, ఇరవై, అరవై, నూటిరవై. తర్వాత పళ్లాలు. తర్వాత ప్లాస్టిక్ చాపలు. లితియా ఒక చాపని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి, "యే హమార్ లియే?" అని, ఇది మాకా అన్నట్టు అడిగింది. ఆఖరికి పెట్టెలు విప్పితే ఆరు సీలింగ్ ఫ్యాన్లు.

సర్లా లోపలికి వచ్చింది. "ఇంత పెద్ద హాలుకి ఒక్క కుర్చీ కూడా లేదంటే ఏడుపొచ్చింది తాతా" అంటూ పైకి చూసింది. పైన మబ్బు ఉంది.

"కప్పేది?"

"లేదని రాశా కదమ్మా!"

"రేకులు సెగ అని రాశారు. ఉక్కపోతకి ముసలివాళ్లు చచ్చిపోతున్నారేమోనని ఫ్యాన్లు తెచ్చాం."

"సెగ కాదమ్మా, సెంగ! సెంగ!"

"మరి సున్నేది?"

పోతయ్య నా కేసి చూశాడు. నేను ఆ రోజూ ఏరుతున్న బియ్యం కేసి చూశాను. అంతలో వాన మొదలైంది. కొత్త కుర్చీల్లో కూర్చుని, నలుగురం నెత్తిన నాలుగు కొత్త పళ్లాలు పెట్టుకున్నాం.

"ఈ ఏటికి ఇంక సంఘం దగ్గర ఇచ్చేవి లేవు తాతా" అంది సర్లా నీరసంగా.

"ఏ లేవు?" అన్నాను నేను. "మనదా, లితియాదా?"

ఎవరూ నవ్వలేదు. పోతయ్య నడుముకున్న తాళంచెవిని తడుముకుంటున్నాడు. ఆ తడమడం చూడలేక, "కూర్చోడానికి నూటిరవై కుర్చీలు, కప్పుకోడానికి పళ్లెం. ఇలాంటి ఊరు భూమ్మీద ఇదొక్కటే" అన్నాను.

అతను వీధి కేసి చూశాడు. గాలివాన తర్వాత ఇళ్లకి కొత్త రేకులు వచ్చాయి. పాతవి కోళ్లగూళ్ల మీద, కంచెల్లో, కుక్కల మీద ఉన్నాయి. చూసి చూసి, నెత్తిన పళ్లెంతోనే వీధిలోకి కుంటుకుంటూ పరుగెత్తాడు.

"ఏక్ టిన్ లావో, ఏక్ కుర్సీ లే జావో!" ఒక రేకు తెండి, ఒక కుర్చీ పట్టుకుపోండి అని.

"తాతా, అవి హాలు కుర్చీలు! ఇళ్లకి ఇవ్వకూడదు!" అని సర్లా వెంటపడింది.

"ఇంట్లో ఉంటే ఏమమ్మా? హాలుకి వచ్చేటప్పుడు మోసుకొస్తారు."

సర్లా ఆలోచించి, నోటుబుక్కులో 'ఇంటింటా నిల్వ' అని రాసుకుంది. చదువుకున్నవాళ్లకి ప్రతిదానికీ ఒక పేరుండాలి.

మూడు రోజులు రేకులు వచ్చాయి. కౌశల్య కోళ్లగూడు విప్పి ఇచ్చింది, కోళ్లు రేకు వెంబడే హాలుకి వచ్చి కాపురం పెట్టాయి. నేను నా స్నానాల గది రేకు ఇచ్చి, గొడుగు పట్టుకుని స్నానం చేశాను. ఎవరూ చూడలేదు. చూసుంటే వాళ్లకే నష్టం. చర్చి పాటలవాళ్లు పైకెక్కి, చరణానికి ఒక మేకు కొట్టారు. పాత చిల్లులకి తారు పూశారు, దూలాలకి ఆ ఆరు ఫ్యాన్లూ బిగించారు. కింది నుంచి పోతయ్య ఎద్దుల్ని అదిలించినట్టు అందర్నీ అదిలించాడు.

గడువు రోజు మిట్టమధ్యాహ్నం కౌన్సిల్ మనిషి వచ్చాడు. పెద్ద ఫిజీ మనిషి, తల దూలానికి తగిలేంత. కప్పు ఎరుపు, ఆకుపచ్చ, తుప్పు. ఒక రేకు మీద కోళ్లు అమ్మబడునని తలకిందులుగా ఉంది. ఆయన గోడలు తట్టాడు, దూలాలు ఊపాడు, నిచ్చెనెక్కి మేకులు లాగి చూశాడు. పోతయ్య కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"సాబ్, ఏదైనా తప్పు?"

ఆయన చాలాసేపు పైకి చూసి, "సెంగ" అన్నాడు.

పోతయ్య దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. అది నా కుర్చీ. ఊరుకున్నాను.

కౌన్సిల్ మనిషి మెడ తుడుచుకుంటున్నాడు. అన్ని రకాల రేకులూ కలిసి పెనంలా కాలుతున్నాయి. సర్లా మొహం ఒక్కసారిగా వెలిగింది.

"చూశారా అవ్వా? నేను తప్పు చదవలేదు. రేకుల సెగ!" అని పరుగున పోయి ఆరు ఫ్యాన్లూ వేసింది. పైనున్న తుప్పంతా కౌన్సిల్ మనిషి నెత్తిన రాలింది. ఆయన అది కూడా పాసు చేశాడు.

సాయంత్రం పోతయ్య తారుడబ్బాలో మిగిలిన తారుతో తలుపు మీద తెలుగులో రాశాడు: అదరూ రడి.

ఈసారి ఎవరూ అదరలేదు. ఎవరి కుర్చీ వాళ్లు నెత్తిన పెట్టుకుని వీధంతా వచ్చారు.